డ్యాష్‌బోర్డులో లైట్లన్నీ ఒకేసారి ఎందుకు వెలుగుతాయి? వాహనంలోని క్యాన్ లైను, దాని లోపాలు

ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, నెల్లూరు ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రీషియన్ల దగ్గరికి వచ్చే ఫిర్యాదుల తీరే మారిపోతుంది. మామూలు రోజుల్లో సెల్ఫ్ తిరగడం లేదనో, బ్యాటరీకి ఛార్జింగ్ ఎక్కడం లేదనో వస్తారు. వానలు పడ్డాక వచ్చేవాళ్లు చెప్పేది వేరు. రాత్రి నీళ్లలోంచి బండి తెచ్చాను, పొద్దున ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) లైటు, ఎయిర్‌బ్యాగ్ లైటు, స్టీరింగ్ లైటు, ఇంజిన్ లైటు అన్నీ కలిసి వెలిగాయి, స్పీడోమీటరు ముల్లు సున్నా దగ్గరే ఆగిపోయింది, కాసేపటికి అన్నీ వాటంతటవే సర్దుకున్నాయి అంటారు.

నాలుగు వేర్వేరు వ్యవస్థలు ఒకే నిమిషంలో పాడై, ఒకే నిమిషంలో బాగుపడడం జరిగే పని కాదు. పాడైంది అవి కాకపోవచ్చు. వాటి మధ్య సమాచారం మోసే లైను గానీ, వాటికి కరెంటు ఇచ్చే దారి గానీ అయి ఉండవచ్చు. ఆ లైనును క్యాన్ (కంట్రోలర్ ఏరియా నెట్‌వర్క్) అంటారు. బండి యజమానికి అది ఎప్పుడూ కంటికి కనపడదు, ‘మాడ్యూల్ పోయింది, మార్చాలి’ అన్న మాటగా చెవిన పడుతుంది. ఆ మాట కొన్నిసార్లు నిజమే. చాలాసార్లు మాత్రం కొలవాల్సినవి కొలవకముందే వస్తుంది. ఏది ఎప్పుడో తెలియాలంటే ఆ లైను పని చేసే పద్ధతి కొంత తెలియాలి.

మాడ్యూల్ అంటే ఏమిటి, వాటి మధ్య లైను ఎందుకు

ఒక పనికి కేటాయించిన చిన్న కంప్యూటరే మాడ్యూల్. ఇంజిన్‌కు ఒకటి, ఏబీఎస్‌కు ఒకటి, ఎయిర్‌బ్యాగులకు ఒకటి, తలుపులు, లైట్లు, వైపర్లు చూసే బాడీ కంట్రోల్ మాడ్యూల్ ఒకటి. మీటరు బోర్డు కూడా మాడ్యూలే. పాత జీపులో గేర్‌బాక్సు నుంచి మీటరు దాకా ఒక కేబుల్ తిరుగుతూ వచ్చి ముల్లును కదిలించేది. ఇప్పటి చాలా కార్లలో చక్రం దగ్గరి సెన్సర్ సంకేతాన్ని ఏబీఎస్ మాడ్యూల్ అందుకుని వేగం లెక్కగట్టి లైను మీద పెడుతుంది. మీటరు ఆ అంకె తీసుకుని ముల్లు కదుపుతుంది. ఎంత తేలికగా తిరగాలో స్టీరింగ్ మాడ్యూల్ అదే అంకెను బట్టి నిర్ణయించుకుంటుంది. ఇంజిన్ మాడ్యూల్‌కూ అదే అంకె కావాలి. ఏబీఎస్ మాడ్యూల్ మూగబోతే స్పీడోమీటరు పడిపోవడానికి, స్టీరింగ్ బరువెక్కడానికి కారణం ఇదే. మీటరూ స్టీరింగూ బాగానే ఉన్నాయి, వాటికి అందాల్సిన అంకె అందలేదు.

ప్రతి సమాచారానికీ విడిగా ఒక వైరు లాగుతూ పోతే వైరింగ్ బరువు, ఖర్చు, జాయింట్లు పెరిగిపోతాయి. జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 1983లో దీనికి పరిష్కారం వెతకడం మొదలుపెట్టి, 1986 ఫిబ్రవరిలో డెట్రాయిట్‌లో క్యాన్ పద్ధతిని ప్రకటించింది. 1993లో అది ఐఎస్‌ఓ 11898 పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది. మన దగ్గర దీని ప్రభావం సామాన్య వాహనాల దాకా గట్టిగా తగిలింది గత కొన్నేళ్లలోనే. 2019 ఏప్రిల్ నుంచి కార్లకు ఏబీఎస్ తప్పనిసరి అయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి పొగ కాలుష్య నిబంధన అయిన బీఎస్‌-6 వచ్చింది. బీఎస్‌-6 లారీల పొగగొట్టం మీద ఉండే నాక్స్ సెన్సర్‌కు దానిదే ఒక చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె ఉంటుంది. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్ల లెక్కను అది క్యాన్ లైను మీదనే ఇంజిన్ మాడ్యూల్‌కు చెబుతుంది. అంటే చీమకుర్తి క్వారీ దుమ్ములోనూ కృష్ణపట్నం ఓడరేవు బొగ్గు పొడిలోనూ తిరిగే బండ్ల కింద, వేడి పైపుల పక్కన, ఇప్పుడు ఒక డేటా లైను పోతోంది.

రెండు వైర్ల మీద మాట ఎలా నడుస్తుంది

క్యాన్ లైనులో ఒకదానికొకటి మెలిపెట్టిన రెండు వైర్లుంటాయి. ఒకటి క్యాన్ హై, రెండోది క్యాన్ లో. ఎవరూ ఏమీ పంపనప్పుడు రెండింటి మీదా దాదాపు 2.5 వోల్టులుంటాయి. సంకేతం పంపాల్సినప్పుడు హై సుమారు 3.5కు పెరుగుతుంది, లో సుమారు 1.5కు తగ్గుతుంది. వినే మాడ్యూల్ రెండింటి మధ్య తేడానే చూస్తుంది. తేడా సున్నా అయితే ఒక అర్థం, 2 వోల్టులైతే ఇంకొక అర్థం. ఇంజిన్ గదిలో పుట్టే విద్యుత్ గోల మెలిపెట్టిన రెండు వైర్ల మీదా ఇంచుమించు సమానంగా పడుతుంది కాబట్టి తేడా మారదు. మెలిక అందం కోసం పెట్టింది కాదు. అతుకు వేసేటప్పుడు జానెడు పొడవున మెలిక విప్పేసి టేపు చుట్టేస్తే ఆ రక్షణ అక్కడ పోయినట్టే.

బ్యాటరీ 12 వోల్టులా, లారీల్లో ఉండే 24 వోల్టులా అన్నదానితో ఈ అంకెలకు సంబంధం లేదు. 24 వోల్టుల లారీలో కూడా క్యాన్ వైరు మీద 2.5 దగ్గరే ఉండాలి. ఇది తెలియక, ‘కరెంటు సరిగా రావడం లేదు’ అని టెస్ట్ ల్యాంపు ఆనించి చూసేవాళ్లున్నారు. బల్బు లాగే కరెంటుకు అంత సున్నితమైన లైను తట్టుకోలేదు.

ప్రధాన లైను రెండు కొసల్లోనూ ఒక్కో 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. పంట కాలువలో అల చివరి గోడకు కొట్టుకుని వెనక్కి తిరిగినట్టు, వేగంగా మారే సంకేతం కూడా వైరు కొసకు చేరి వెనక్కి మళ్లుతుంది, తర్వాత వచ్చే సంకేతాన్ని చెడగొడుతుంది. ఆ అలను అక్కడే ఇంకించుకోవడమే ఈ రెసిస్టర్ల పని. చాలా బండ్లలో అవి విడిగా కనపడవు, రెండు చివరి మాడ్యూళ్ల లోపలే ఉంటాయి. లోపం వెతకడంలో మొదటి ఆధారం ఇక్కడే దొరుకుతుంది.

మరి ఇద్దరు ఒకేసారి మాట్లాడబోతే? ప్రతి సందేశానికీ ముందు ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. చిన్న సంఖ్యకు పెద్దపీట. పెద్ద సంఖ్య వాడు సందేశం పాడు చేయకుండా పక్కకు తప్పుకుని, లైను ఖాళీ కాగానే మళ్లీ ప్రయత్నిస్తాడు. పంపిన సందేశం సరిగా అందిందని వినేవాళ్లలో కనీసం ఒకరు అక్కడికక్కడే గుర్తు పెట్టాలి. అలా ఎవరూ పెట్టకపోతే పంపిన మాడ్యూల్ మళ్లీ పంపుతుంది. సందేశంలో తప్పు దొర్లితే, పంపిన మాడ్యూల్ తన లోపలి తప్పుల లెక్కకు 8 కలుపుతుంది. సరిగా అందిన ప్రతిసారీ 1 తీసేస్తుంది. లెక్క 255 దాటితే ఆ మాడ్యూల్ తనంతట తానే లైను నుంచి తప్పుకుంటుంది. వరుసగా 32 తప్పులు జరిగితే 32 ఎనిమిదులు 256, అంతే, మౌనం. తానొక్కటే మొత్తం లైనును ఆపకూడదన్న మర్యాద అది. ఈ మర్యాద వల్లే ఒక చిక్కు కూడా వచ్చిపడింది: మౌనంగా ఉన్న మాడ్యూల్ చెడిపోయిందా, లైను చెడిపోవడంతో తప్పుకుందా అన్నది బయట నుంచి చూస్తే ఒకేలా కనపడుతుంది.

కోడ్ చెప్పేది, చెప్పనిది

మాడ్యూళ్లు రాసుకున్న లోపాల కోడ్లను చదివే పరికరం స్కానర్. అది పెడితే వచ్చే కోడ్లలో పీ అక్షరంతో మొదలయ్యేవి ఇంజిన్, గేర్‌బాక్సులవి, సీ చాసిస్‌వి, బీ బాడీవి. యూతో మొదలయ్యేవి సమాచార లోపాలు. యూ0100 అంటే ఇంజిన్ మాడ్యూల్‌తో సంబంధం తెగింది. యూ0121 అంటే ఏబీఎస్‌తో, యూ0140 అంటే బాడీ కంట్రోల్‌తో, యూ0155 అంటే మీటరు బోర్డుతో సంబంధం తెగింది.

బండిలో దొరికిన కోడ్లలో ఎక్కువగా తప్పుగా చదివేది ఈ యూ వరసే అని నా అభిప్రాయం. ఇంజిన్ మాడ్యూల్‌లో యూ0121 ఉంది అంటే, ‘నాకు ఏబీఎస్ మాట వినపడలేదు’ అని ఇంజిన్ మాడ్యూల్ రాసుకున్న ఫిర్యాదు. ఏబీఎస్ మాడ్యూల్ చెడిపోయిందని అది చెప్పదు, చెప్పలేదు కూడా. ఏబీఎస్‌కు ఫ్యూజు పోయి ఉండవచ్చు, ఎర్త్ వదులై ఉండవచ్చు, ప్రధాన లైను నుంచి దాని దాకా వెళ్లే కొమ్మ వైరు తెగి ఉండవచ్చు. మాడ్యూలే చచ్చిపోయి ఉండవచ్చు. ఈ నాలుగింటికీ కోడ్ ఒకటే.

అందుకే ఎవరు ఎవరి మీద ఫిర్యాదు చేశారో రాసుకుంటే అది కోడ్ కంటే ఎక్కువ చెబుతుంది. ఇంజిన్, మీటరు, స్టీరింగ్ మూడూ ఏబీఎస్ ఒక్కదాని మీదే ఫిర్యాదు చేసి, తమలో తాము బాగానే మాట్లాడుకుంటుంటే ప్రధాన లైను బాగున్నట్టు. వెతకాల్సింది ఏబీఎస్ కొమ్మలో, దాని కరెంటులో, ఎర్త్‌లో. అలా కాకుండా తలా ఒకరి మీద ఫిర్యాదు చేసి, ఎవరూ ఎవరి మాటా విననట్టు ఉంటే, ప్రధాన లైను షార్టయి గానీ తెగి గానీ ఉండాలి. ముందు వైపున్న మాడ్యూళ్లన్నీ వెనక వైపు వాటి మీద, వెనకవన్నీ ముందు వాటి మీద ఫిర్యాదు చేస్తే తెగింది ఆ రెండు జట్ల మధ్య. ఇంత చెప్పడానికి ఇంకా మల్టీమీటరు కూడా బయటికి తీయలేదు, బండి వైరింగ్ బొమ్మ, ఒక కాగితం చాలు.

పాత కోడ్ల సంగతి కూడా ఉంది. బ్యాటరీ బలహీనపడిన బండికి సెల్ఫ్ కొడితే ఆ క్షణంలో వోల్టేజీ బాగా కిందికి పడుతుంది, కొన్ని మాడ్యూళ్లు ఆగి మళ్లీ మొదలవుతాయి. ఆ కాస్త సమయంలోనే మిగతావి వాటి మీద యూ కోడ్లు రాసేసుకుంటాయి. తర్వాత ఎన్నాళ్లకో స్కానర్ పెట్టిన మనిషికి అవి బయటపడి, లేని లోపం కోసం వేట మొదలవుతుంది. బ్యాటరీ స్థితి చూసి, కోడ్లు రాసుకుని, చెరిపి, బండి నడిపాక మళ్లీ వచ్చినవే ఇప్పటి లోపం కింద లెక్క.

మల్టీమీటరు చెప్పే అంకెల భాష

కారులో స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో 6వ పిన్ను క్యాన్ హై, 14వది క్యాన్ లో, 4, 5 ఎర్త్‌లు, 16 బ్యాటరీ పాజిటివ్. స్కానర్ అసలు వెలగకపోతే ముందు అనుమానించాల్సింది 16వ పిన్ను ఫ్యూజునే. కొన్ని కార్లలో సిగరెట్ లైటర్ సాకెట్‌కూ దీనికీ ఒకే ఫ్యూజు. అందులో నాసిరకం ఫోన్ ఛార్జరు గుచ్చి ఫ్యూజు పోగొట్టి, ‘కంప్యూటర్ పోయింది’ అని వచ్చే బండి ఉండనే ఉంటుంది. లారీల్లో తొమ్మిది పిన్నుల గుండ్రటి సాకెట్ వాడకం ఎక్కువ. ఆ ప్రమాణంలో సీ పిన్ను హై, డీ పిన్ను లో.

బ్యాటరీ తీసేసి, మాడ్యూళ్లన్నీ నిద్రపోయాక, హై, లో పిన్నుల మధ్య ఓమ్‌లు కొలుస్తారు. రెండు 120లు సమాంతరంగా ఉన్నాయి కాబట్టి 120ని 120తో గుణించి 240తో భాగిస్తే 60 రావాలి. ఇటూ అటూ కొద్ది తేడా పర్వాలేదు. 120 వస్తే ఒక కొస రెసిస్టర్ కనపడడం లేదు, అంటే అటువైపు లైను తెగింది, లేదా ఆ మాడ్యూల్‌కు వైర్లు కలిపే ప్లగ్గు, అంటే కప్లర్, ఊడింది. సున్నాకు దగ్గరగా వస్తే రెండు వైర్లు ఒకదానికొకటి తగిలాయి. 40 వస్తే మూడో 120 ఎక్కడి నుంచో వచ్చి చేరింది. బయట బిగించిన ట్రాకరు గానీ, వేరే మోడల్‌ది తెచ్చి వేసిన మాడ్యూల్ గానీ అయి ఉంటుంది. ఏ అంకే రాకపోతే సాకెట్‌కు వచ్చే వైరే తెగి ఉండవచ్చు.

ఈ అంకెల మధ్యలో ఉండేవి ఇంకా ఆసక్తిగా ఉంటాయి. కావలి దాటి తీరం వెంబడి తిరిగే బండిలో ఒక జాయింటుకు ఆకుపచ్చ చిలుము పట్టి, అక్కడ 30 ఓమ్‌ల అడ్డు ఏర్పడిందనుకుందాం. అటువైపు కొస ఇప్పుడు 150గా కనపడుతుంది. 120ని 150తో గుణించి 270తో భాగిస్తే దాదాపు 67. ‘అరవై దగ్గరే ఉంది కదా’ అని వదిలేయదగ్గ అంకె. బండి కాగిపోయిన మధ్యాహ్నం ఒకలా, తడిసిన ఉదయం ఇంకొకలా ప్రవర్తించేది ఇలాంటి జాయింటే. మీటరు పెట్టి ఉంచి వైరింగ్ కట్టను అక్కడక్కడా కదిలిస్తే అంకె గెంతుతుంది, గెంతిన చోటే జాయింటు.

60 వచ్చినంత మాత్రాన లైను బాగున్నట్టు కాదు. రెండు వైర్లలో ఒకటి చాసిస్‌కు తగిలినా వాటి మధ్య 60 అలాగే ఉంటుంది. అది పట్టుకోవడానికి వోల్టేజీ చూడాలి. ఇగ్నిషన్ వేసి, ఒక్కో పిన్నునూ ఎర్త్‌తో పోల్చి కొలిస్తే, మాటలు నడుస్తున్న లైనులో హై 2.5 కంటే కొంచెం ఎక్కువ, లో కొంచెం తక్కువ, రెండూ కలిపితే 5కు దగ్గరగా ఉంటాయి. మీటరు చూపేది సగటు మాత్రమే. సంకేతం నిజమైన ఆకారం చూడాలంటే ఆసిల్లోస్కోప్ కావాలి. అది మన ఊళ్లలో అన్ని షెడ్లలోనూ ఉండదు, అయినా చాలా లోపాలకు మీటరే సరిపోతుంది.

కొత్త కార్లలో ఇంకొక మెలిక ఉంది. సాకెట్‌కూ లోపలి లైన్లకూ మధ్య గేట్‌వే అనే మాడ్యూల్ పెడుతున్నారు. లోపల ఇంజిన్‌కు ఒక లైను, బాడీకి ఒక లైను, ఆడియో తెరకు ఒక లైను వేరువేరుగా ఉంటాయి. సాకెట్ దగ్గర వచ్చే అంకె గేట్‌వే దాకా ఉన్న ముక్క గురించే. ఆ అంకె బాగుందని మొత్తం బండికి కితాబు ఇచ్చేస్తే మోసపోయినట్టే.

గ్రానైట్ లారీ: ఒక ఉదాహరణ మొదటి నుంచి చివరి దాకా

చీమకుర్తి నుంచి గ్రానైట్ దిమ్మెలు మోసే లారీ ఒకటి తీసుకుందాం. గుంతలో పడినప్పుడల్లా మీటరు ముళ్లన్నీ ఒక్కసారి కిందికి పడతాయి, ఇంజిన్ శక్తి తగ్గిపోతుంది, కాసేపటికి మళ్లీ మామూలే. ఒక రోజు ఒంగోలు బైపాస్ మీద ఆపాక మళ్లీ స్టార్ట్ కాలేదు. స్కానర్‌లో అన్ని మాడ్యూళ్లూ అందరి మీదా ఫిర్యాదు చేశాయి. తిలాపాపం తలాపిడికెడు. ఇంజిన్ మాడ్యూల్ మార్చాలని ఎవరో ఒకరు అననే అంటారు, ఎందుకంటే బండి స్టార్ట్ కానిది, ఖరీదైనది అదే.

అంకెలు చూద్దాం. హై, లో మధ్య 60 ఓమ్‌లు. కొసలు రెండూ ఉన్నాయి, రెండు వైర్లూ ఒకదానికొకటి తగల్లేదు. ఇగ్నిషన్ వేసి వోల్టేజీ చూస్తే హై దాదాపు సున్నా, లో కూడా దాదాపు సున్నా. రెండూ పడిపోయాయి కదా అని రెండు వైర్లూ చాసిస్‌కు తగిలాయనుకోనక్కర్లేదు. హై ఒక్కటి తగిలినా, మధ్యలోని 60 ఓమ్‌ల గుండా లో వైరును కూడా తనతో పాటు కిందికి లాగేస్తుంది. లో ఒక్కటే తగిలితే మాటలు కుంటుతూనైనా నడిచే అవకాశం ఉంది, ఇక్కడ పూర్తిగా ఆగిపోయాయి కాబట్టి అనుమానం హై మీదికి పోతుంది.

ఎక్కడ? మీటరు పెట్టి ఉంచి, కొమ్మలను ఒక్కొక్కటిగా విడదీస్తూ పోవాలి. క్యాబిన్ వైపు కప్లర్ తీస్తే మార్పు లేదు. బ్రేకుల వైపు తీస్తే మార్పు లేదు. పొగగొట్టం వైపు వెళ్లే కట్ట కప్లర్ తీయగానే హై 2.6కు, లో 2.4కు లేచాయి. అంటే లోపం ఆ కప్లర్‌కు అవతల, నాక్స్ సెన్సర్ వైపు. సెన్సరా, వైరా? సెన్సర్ కప్లర్ ఒక్కటే తీసి, పై కప్లర్ మళ్లీ పెట్టి చూస్తే అంకెలు మళ్లీ సున్నా. సెన్సర్ నిర్దోషి. ఇక మిగిలింది ఆ మూర పొడవు వైరింగ్. ముడతల గొట్టం ఫ్రేమ్ క్లిప్పు దగ్గర రాతి దుమ్ముతో రాసుకుని రాసుకుని చిల్లు పడింది, లోపల హై వైరు తొడుగు అరిగి రాగి మెరుస్తోంది, క్లిప్పు అంచు మీద నల్లటి చిన్న మచ్చ. గుంతలో పడినప్పుడు తగిలేది, లేచినప్పుడు విడిపోయేది. చివరికి అతుక్కుపోయింది.

ఇంజిన్ మాడ్యూల్ మార్చి ఉంటే ఏమయ్యేది? కొత్తది కూడా అదే లైనుకు తగిలించాలి కాబట్టి బండి కదిలేది కాదు. ఇంకా అన్యాయమైన సంగతి, మార్చే పనిలో కట్ట కదిలి వైరు క్లిప్పు నుంచి విడివడితే బండి స్టార్ట్ అయిపోయేది. కొత్త మాడ్యూల్‌కే పేరు వచ్చేది, తర్వాతి గుంత దాకా.

రొయ్యల బండి, ఉప్పునీరు, ఎర్త్

ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు చెరువుల నుంచి రొయ్యలు మోసే బండ్లది వేరే జబ్బు. ఐసు కరిగి, ఉప్పుతో కలిసి, బల్ల కింద నుంచి కారుతూనే ఉంటుంది. వైర్లను ఎవరూ కొరకరు, రాసుకోవు, అయినా మాడ్యూల్ మాట ఆగుతుంది. అందరి ఫిర్యాదూ ఏబీఎస్ మీదే, లైనులో 60 ఓమ్‌లు, వోల్టేజీలు కూడా సరిగానే ఉన్నాయి. ఫ్యూజు బాగుంది. ఇక్కడికి వచ్చాక, ‘అన్నీ బాగున్నాయి కాబట్టి మాడ్యూలే పోయింది’ అనడం తార్కికంగానే వినపడుతుంది. ఎర్త్ సంగతి మిగిలిపోయింది.

ఎర్త్‌ను ఓమ్‌లలో కొలిస్తే దాదాపు సున్నా వస్తుంది, ఎందుకంటే మీటరు పంపే కొద్దిపాటి కరెంటుకు ఒక్క రాగి పోగు మిగిలినా చాలు. మాడ్యూల్ పని చేస్తుండగా, దాని ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య వోల్టేజీ చూస్తేనే అసలు బండారం బయటపడుతుంది. బాగున్న ఎర్త్ మీద అది వోల్టులో పదో వంతు దాటకూడదు. చిలుము పట్టిన ఎర్త్ మీద ఏబీఎస్ మోటారు తిరిగినప్పుడు 2 వోల్టులు కనపడిందంటే, ఆ 2 వోల్టులూ మాడ్యూల్‌కు అందకుండా బోల్టు దగ్గరే పోతున్నాయి. బోల్టు విప్పి, గీకి, శుభ్రం చేసి బిగిస్తే అయిపోయే పని. ఇలాంటి బండిలో ఏడాది తర్వాత మళ్లీ అదే చోట చిలుము పట్టదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

కోవూరు వైపు రైసు మిల్లుల దగ్గర నిలిపే కార్లలో మాత్రం తొలి అనుమానం ఎలుకల మీదే. సగం బండి విప్పి చివరికి కొరికిన చోటు కనుక్కుంటే, కొండను తవ్వి ఎలుకను పట్టడమన్న మాట అక్షరాలా నిజమవుతుంది.

మార్చాలా, అతకాలా: రెండు పక్షాల వాదన

కంపెనీ సర్వీసు కేంద్రాలు మాడ్యూల్‌ను గానీ, వైరింగ్ కట్టను గానీ మొత్తంగా మార్చమనడాన్ని కేవలం డబ్బాశగా చూడడం న్యాయం కాదు. అతుకు వేసిన చోట తర్వాత ఏబీఎస్ ఆగి ప్రమాదం జరిగితే జవాబు చెప్పాల్సింది వాళ్లే. వారంటీ నిబంధనలుంటాయి. వచ్చీపోయే లోపం కోసం బండిని పది రోజులు నిలబెడితే యజమానికీ నష్టమే. ఎయిర్‌బ్యాగ్ వైర్ల దగ్గర వాళ్ల జాగ్రత్తకు వంక పెట్టలేము, అక్కడ టెస్ట్ ల్యాంపు ఆనించినా బ్యాగు విచ్చుకునే ప్రమాదం ఉంది.

బయటి ఎలక్ట్రీషియన్ల వాదన కూడా బలమైనదే. లోపాలు ఎక్కువగా పుట్టేది నీళ్లు, వేడి, రాపిడి తగిలే చోట, అంటే వైరులో, కప్లర్‌లో, ఎర్త్‌లో. మూసిన పెట్టెలోని మాడ్యూల్‌కు ఆ బెడద తక్కువ. పైగా కొత్త మాడ్యూల్ వేస్తే పని అక్కడితో అయిపోదు, బండి నంబరుతో, తాళంచెవితో దాన్ని జత చేయాలి. అందుకు కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి. మెలిక చెడకుండా, జిగురు ఉండే ముడుచుకునే గొట్టం తొడిగి వేసిన అతుకు ఏళ్ల తరబడి నిలుస్తుంది. వట్టి టేపు చుట్టిన అతుకు ఒక వానాకాలం కూడా నిలవదు, బయటి షెడ్ల మీద ఉన్న అపనమ్మకానికి సగం కారణం ఆ టేపే.

సమాచారం ఎవరి చేతిలో ఉండాలన్నది ఇంకా పెద్ద తగాదా. విడిభాగాలు, పరీక్షా పరికరాలు బయటి మెకానిక్‌లకు అందకుండా చేశారని కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది, అది తీసుకున్న రంగాల్లో వాహనాలూ ఉన్నాయి. మరోవైపు కంపెనీలు భద్రత కారణం చూపుతాయి. క్యాన్ లైను మీద సందేశం నిజంగా ఎవరు పంపారో సరిచూసుకునే ఏర్పాటు మొదటి నుంచీ లేదు. సరైన సంఖ్యతో ఎవరు పంపినా మిగతావి నమ్ముతాయి. 2015లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు నడుస్తున్న జీప్ చెరొకీని దూరం నుంచి ఇంటర్నెట్ ద్వారా ఆపి చూపించారు, ఆ తర్వాత 14 లక్షల వాహనాలను కంపెనీ వెనక్కి పిలిచింది. గేట్‌వేలకు తాళాలు పెట్టడం వెనుక ఆ భయం ఉంది. అది నిజమైన భయమే. అయితే తాళం దొంగను ఆపుతున్నంతగా ఆటోనగర్ ఎలక్ట్రీషియన్‌నూ ఆపుతోంది. చదవడానికి ఒక స్థాయి, మార్చడానికి ఇంకొక స్థాయి అనుమతి ఇస్తే ఇద్దరి మాటా కొంత నిలుస్తుందని నాకు అనిపిస్తుంది. కోడ్లు, సెన్సర్ అంకెలు చదివినంత మాత్రాన కారు ఎవరూ ఎత్తుకుపోలేరు.

ముందున్న చిక్కులు

పాత క్యాన్‌లో ఒక సందేశంలో 8 బైట్లే పడతాయి. 2012లో వచ్చిన క్యాన్ ఎఫ్‌డీలో 64 పడతాయి, వేగమూ ఎక్కువ. వేగం పెరిగే కొద్దీ చెడ్డ జాయింటును, విప్పిన మెలికను లైను భరించే ఓపిక తగ్గుతుంది. అద్దాలు, సీట్ల మోటార్ల వంటి చిన్న పనులకు లిన్ అనే ఒంటి వైరు లైను వాడతారు. దాని మీద 12 వోల్టుల సంకేతం, 60 ఓమ్‌ల లెక్క అక్కడ పనికిరాదు.

విద్యుత్ వాహనాలు వచ్చాక ఈ లైను బండి దాటి బయటికి కూడా వచ్చింది. భారత్ డీసీ-001 రకం ఛార్జర్ల ప్లగ్గులో కరెంటు పిన్నులతో పాటు రెండు క్యాన్ పిన్నులుంటాయి. బ్యాటరీకి ఎన్ని వోల్టులు, ఎంత కరెంటు కావాలో బండి ఆ రెండు పిన్నుల మీదనే ఛార్జరుకు చెబుతుంది. ఆ మాట నడవకపోతే ఛార్జరు కరెంటు వదలదు. ఛార్జరు పని చేయడం లేదని డ్రైవరు, బండిలో లోపం ఉందని ఛార్జింగ్ కేంద్రం వాళ్లు వాదించుకునే చోట, ముందు చూడాల్సింది ప్లగ్గులోని ఆ రెండు సన్నటి పిన్నులకు చిలుము పట్టిందా అని.